ఆపిన మాత్ర, ఆపకూడని మాత్ర

రొమ్ము క్యాన్సర్ అని తేలిన రోజునే ఒక డాక్టరు, "మీరు వేసుకుంటున్న ఆ హార్మోన్ మాత్ర ఇవాళ్టి నుంచే ఆపెయ్యండమ్మా" అంటారు. ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాక ఇంకో డాక్టరు, "ఈ హార్మోన్ మాత్ర ఐదేళ్లపాటు మానకుండా వేసుకోవాలి" అంటారు. ఇద్దరూ చెప్పింది సరైనదే. మొదటిది ఒంట్లోకి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ను పంపే మాత్ర, రెండోది ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మాత్ర. ఈ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోతే, ఇంటికి వచ్చిన మనిషి మానమన్నది వేసుకోవచ్చు, వేసుకోమన్నది మానెయ్యవచ్చు. రెండూ ప్రమాదమే. పైగా ఈ రెండు సలహాల వల్లా ఒంట్లో వేడి ఆవిర్లు పెరుగుతాయి. వాటికి ఏం చెయ్యాలో మాత్రం చాలా చీటీల మీద ఉండదు.

ఇంటి భాష ఒకటి, ఆసుపత్రి భాష ఇంకొకటి అయినచోట ఈ తికమక ఇంకా ఎక్కువ. తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా నల్లరేగడి నేల. ఆ పల్లెల్లో కమ్మవారు, రెడ్లు, కంబళ నాయకులు తరతరాలుగా ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటున్నారు. విరుదునగర్ జిల్లాలోనే ఉన్న రాజపాళయంలో రాజుల ఇళ్లలోనూ అంతే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ తెలుగునేల నుంచి వలస వచ్చిన ఆ కుటుంబాల కథనే తమిళంలో ‘గోపల్ల గ్రామం’గా రాశారు. ఈ ఇళ్లలోని ఆడవాళ్లకు జబ్బు చేస్తే బాధ తెలుగులో, డాక్టరుతో మాట తమిళంలో, చీటీ ఇంగ్లీషులో. మాత్ర పేరు గుర్తుండదు. గుర్తుండేది రంగూ, సైజూ, "హార్మోన్ మాత్ర" అన్న ఒక్క మాటా. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

అసలు ఆ మొదటి మాత్ర ఎవరు వేసుకుంటారు? మన పల్లెల్లో ముట్లుడిగిన ఆడవాళ్లలో హార్మోన్లు వాడేవాళ్లు తక్కువే. వాడేవాళ్లలో ఎక్కువమంది నడివయసు రాకముందే గర్భసంచి, దాంతోపాటు అండాశయాలు తీయించుకున్నవాళ్లు. సరిహద్దు అవతల ఉన్న తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు మరీ ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. నలభై ఏళ్లకే అండాశయాలు పోతే ముట్లుడగడం మెల్లగా రాదు, ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది. అలాంటివాళ్లకు డాక్టర్లు ఈస్ట్రోజెన్ రాస్తారు, రాయాలి కూడా. ఎముకలకూ గుండెకూ అది మేలు. ఇబ్బందల్లా పదేళ్ల తర్వాత రొమ్ములో గడ్డ కనిపించినప్పుడే.

ఈస్ట్రోజెన్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం కొత్తగా తెలిసింది కాదు. 1896లో స్కాట్లాండ్‌లో జార్జ్ బీట్‌సన్ అనే సర్జన్, క్యాన్సర్ ముదిరిన ఆడవాళ్లకు అండాశయాలు తీసేస్తే రొమ్ములో గడ్డ కరగడం గమనించి రాశాడు. అప్పటికి ఈస్ట్రోజెన్ అనే పదార్థమే ఎవరికీ తెలియదు. ఇప్పుడు బయాప్సీ రిపోర్టులో "ఈఆర్", "పీఆర్" అని రెండు వరుసలు వస్తాయి. క్యాన్సర్ కణంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయా లేవా అన్నది అవి చెబుతాయి. "పాజిటివ్" అని ఉంటే ఆ గడ్డ ఈస్ట్రోజెన్ తిని పెరిగే రకం. ఈ రిపోర్టు కాగితాన్ని పెళ్లిపత్రికలా భద్రంగా దాచుకోవాలి. తర్వాత హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర రాయాలా వద్దా అన్నది ఆ రెండు వరుసల మీదే ఆధారపడి ఉంటుంది.

"అయితే ఆ మాత్ర వల్లే నాకు క్యాన్సర్ వచ్చిందా?" ఈ ప్రశ్న మంచం పట్టిన మనిషిని క్యాన్సర్ కంటే ఎక్కువగా తినేస్తుంది. కాబట్టి లెక్క చెప్పుకోవాలి. అమెరికాలో 16,000 మందికి పైగా ఆడవాళ్ల మీద చేసిన ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగాన్ని 2002 జులైలో మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ పెరిగిన మాట నిజం. ఎంత పెరిగింది? పదివేల మంది ఆడవాళ్లు ఏడాదిపాటు వాడితే, మామూలుగా వచ్చే కేసులకు అదనంగా ఎనిమిది. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో ఆ పెరుగుదల కనిపించనే లేదు. అంటే ఫలానా మనిషికి క్యాన్సర్ రావడానికి ఫలానా మాత్రే కారణమని ఏ డాక్టరూ చెప్పలేడు. రాసిన డాక్టరును తిట్టుకోవడానికీ, వేసుకున్న తనను తాను తిట్టుకోవడానికీ ఈ లెక్కలో చోటు లేదు.

క్యాన్సర్ వచ్చాక మాత్రం లెక్క మారుతుంది. అప్పటికే జబ్బు వచ్చినవాళ్లకు హార్మోన్లు ఇస్తే ఏమవుతుందో స్వీడన్ తదితర దేశాల డాక్టర్లు ‘హ్యాబిట్స్’ అనే పరీక్షలో చూశారు. హార్మోన్లు వాడినవాళ్లలో 26 మందికి, వాడనివాళ్లలో ఏడుగురికి రొమ్ము క్యాన్సర్ మళ్లీ కనిపించింది. 2003 డిసెంబరులో పరీక్ష ఆపేశారు. అదే కాలంలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఇంకో పరీక్షలో ఇంత తేడా రాలేదు, నిజమే. కానీ అనుమానం ఉన్నచోట ప్రాణాన్ని పణంగా పెట్టమని ఎవరంటారు? మన దేశంలోనూ అమ్మే టిబోలోన్ అనే మందును "ఇది మామూలు హార్మోన్ల లాంటిది కాదు, భయం లేదు" అన్న నమ్మకంతో మూడు వేల మందికి పైగా పేషెంట్లలో పరీక్షించారు. 2009లో ఫలితం వచ్చింది. క్యాన్సర్ తిరగబెట్టినవాళ్లు మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి దాదాపు 11 మందైతే, టిబోలోన్ వేసుకున్నవాళ్లలో 15 మంది. మందులషాపులో ఎవరైనా ఆ పేరు చెబితే వద్దనాలి.

కాబట్టి ఆపిన మాత్ర ఆపినట్టే ఉండాలి. ఆ తర్వాత జరిగేదే మన అసలు విషయం.

ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. ఫలానా ఆమె అని కాదు, ఏ వీధిలోనైనా ఉండగలిగిన మనిషి. విరుదునగర్‌లో ఎండుమిరప మండీల వెనక ఇల్లు, వయసు 52, హార్మోన్ మాత్ర ఆపి మూడు వారాలు. ఏప్రిల్ నెల. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. మెలకువ ముందొచ్చిందో వేడి ముందొచ్చిందో ఆమెకే తెలియదు. గుండెల దగ్గర మొదలై మెడ మీదుగా చెంపల్లోకీ చెవుల్లోకీ సెగ పాకుతుంది. గుండె దడదడమంటుంది. లేచి కూర్చుని కొంగుతో మెడ తుడుచుకునేలోపే జాకెట్టు వీపుకు అంటుకుపోతుంది. మూడు నాలుగు నిమిషాల్లో సెగ పోతుంది, తడిసిన గుడ్డ మీద ఫ్యాను గాలి తగిలి వణుకు మొదలవుతుంది. లేచి జాకెట్టు మార్చుకుని పడుకుంటే నాలుగింటికి మళ్లీ అదే. పొద్దున కూతురితో చెబితే, "అందరికీ ఉడుకుతూనే ఉంది కదమ్మా, ఎండాకాలం" అంటుంది. ఈ ప్రాంతంలో ఆడవాళ్ల బాధ ఇలాగే ఎండలో కలిసిపోతుంది.

ఎండకు పట్టే చెమట వేరు, ఇది వేరు. మన మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడిని అదుపు చేసే ఏర్పాటు ఉంది. ఒంటి వేడి ఫలానా గీత దాటితే చెమట పట్టించు, ఫలానా గీతకు దిగితే వణికించు అని దానికి రెండు హద్దులు. రెండు గట్ల మధ్య బండిబాట ఉన్నట్టు. బాట వెడల్పుగా ఉన్నంతకాలం బండి కాస్త అటూ ఇటూ ఊగినా ఫరవాలేదు. ఈస్ట్రోజెన్ పడిపోతే ఆ పక్కనే ఉన్న కొన్ని నాడీకణాలు పగ్గం లేకుండా రెచ్చిపోతాయి, గట్లు రెండూ దగ్గరికి జరుగుతాయి. ఒక కప్పు వేడి కాఫీ, చిన్న కోపం, పక్కమీద దుప్పటి, ఇంత చిన్న ఊపుకే బండి గట్టుకు తగులుతుంది. అందుకే ఏసీ గదిలో కూర్చున్నా ఆవిరి వస్తుంది.

హార్మోన్ మాత్ర ఆపినవాళ్లలో సుమారు సగం మందికి ఈ ఆవిర్లు తిరిగొస్తాయి. మాత్ర వేసుకున్న పదేళ్లూ ఒంటికి ముట్లుడగడం తెలియదు. ఆ బాకీ ఇప్పుడు వసూలవుతుంది. ఎన్నాళ్లు? "ఏడాదిలో పోతుందిలే" అనే మాట పెద్దవాళ్ల ఓదార్పే తప్ప నిజం కాదు. అమెరికాలో ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ‘స్వాన్’ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్లలో సగం మందికి అవి ఏడేళ్లు దాటి ఉన్నాయి.

ఇక్కడ రెండో మాత్ర వచ్చి చేరుతుంది. గ్రాహకాలు పాజిటివ్ అయితే టమాక్సిఫెన్ గానీ, ముట్లుడిగినవాళ్లకు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటివి గానీ ఇస్తారు. టమాక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్ కూర్చునే చోటును ముందే ఆక్రమించేస్తుంది. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారవకుండానే చేస్తుంది. ఏది వేసుకున్నా ఆవిర్లు పెరుగుతాయి. దాంతో చాలామంది ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేస్తారు. చాలా చోట్ల తీసిన లెక్కల్లో ఐదేళ్లు పూర్తి చెయ్యకుండా మధ్యలో మానేసేవాళ్లు దాదాపు మూడో వంతు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. డాక్టరు అడిగితే "వేసుకుంటున్నా" అనేస్తారు. తిడతారని భయం.

ఐదేళ్ల టమాక్సిఫెన్ వల్ల రొమ్ము క్యాన్సర్ మరణాలు పదిహేనేళ్ల లెక్కలో సుమారు మూడో వంతు తగ్గాయని 2011లో వేల మంది పేషెంట్ల వివరాలు కలిపి చూసినవాళ్లు తేల్చారు. అంత విలువైన మాత్రను ఆవిర్లు తట్టుకోలేక వదిలేస్తున్నారంటే, ఆవిర్లకు మందు అడగడం సుకుమారం ఎలా అవుతుంది? "ప్రాణం దక్కింది, ఈ మాత్రం చెమటకు ఓర్చుకోలేవా" అనే అత్తగారి మాటా, "ఇదంతా మామూలేనమ్మా" అనే డాక్టరు మాటా నాకు ఒకే తప్పుగా కనిపిస్తాయి. ఆవిరికి వైద్యం క్యాన్సర్ వైద్యంలో భాగమే.

వైద్యం ఒక కాగితంతో మొదలవుతుంది. వారం రోజులు, పగలు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, ఎంత గట్టిగా వచ్చిందో గీతలు పెట్టుకోవాలి. చదువు రానివాళ్లు క్యాలెండరు గడిలో బొగ్గుతో గీసినా చాలు. "చాలా వస్తున్నాయి డాక్టరుగారూ" అంటే ఆయన తల ఊపి ఊరుకుంటాడు. "రోజుకు పన్నెండు, రాత్రి నాలుగుసార్లు జాకెట్టు మారుస్తున్నా" అంటే కలం తీస్తాడు. చెమటలన్నీ ముట్లుడిగినందువల్లే రావు. థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ మందుతో చక్కెర పడిపోయినా చెమట పడుతుంది. రాత్రి చెమటలతో పాటు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో టీబీని తప్పకుండా చూడాలి. క్యాన్సర్ వచ్చిన మనిషి కాబట్టి అది తిరగబెట్టిందేమో కూడా చూస్తారు.

ఇంటి జాగ్రత్తల గురించి పెద్ద పెద్ద ఆశలు పెట్టను. తడిగుడ్డ మెడ మీద వేసుకోవడం, కుండనీళ్లు, నూలు జాకెట్లు, మంచం పక్కనే ఇంకో జాకెట్టు మడిచి పెట్టుకోవడం, ఇవన్నీ హాయినిస్తాయి. ఆవిర్ల సంఖ్యను తగ్గిస్తాయని రుజువు లేదు. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో పాత పరిశోధనలన్నీ తిరగేసి ఆ మాటే చెప్పింది. నెమ్మదిగా ఊపిరి పీల్చే అభ్యాసం, యోగా గురించీ అంతే. మనసుకు మంచివి, ఆవిరికి మందు కావు. కారం, వేడి కాఫీ కొందరికి ఆవిరి తెప్పిస్తాయి, కొందరికి ఏమీ చెయ్యవు. కాగితం మీద గీతలు చూసుకుంటే ఎవరిది వాళ్లకే తెలుస్తుంది. ఎండుమిరప ఘాటు ఇరవై నాలుగ్గంటలూ గాలిలో ఉండే ఊళ్లో కారం మానమని చెప్పడం తేలిక, మానడం కాదు. బరువు తగ్గడం మాత్రం వేరు. ఒళ్లు ఎక్కువున్నవాళ్లు కొంత తగ్గితే ఆవిర్లూ తగ్గుతాయి, క్యాన్సర్‌కూ మంచిది.

మందుల్లో బాగా పరీక్షకు నిలిచింది వెన్లాఫాక్సిన్. నిజానికి అది మనోవ్యాధులకు ఇచ్చే మందు. చీటీలో ఆ పేరు చూసి మందులషాపు కుర్రాడు "ఇది డిప్రెషన్ మాత్ర అక్కా" అన్నాడనుకోండి, ఇంటికొచ్చేసరికి "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని ఏడుపు. పిచ్చి కాదు. ఒంటి వేడిని చూసే నాడీకణాల మీద కూడా అది పనిచేస్తుంది, అంతే. అమెరికాలో ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ల మీదే పరీక్షించి 2000లో ఫలితం ప్రకటించారు. రోజుకు 75 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో నాలుగు వారాలకు ఆవిర్ల బాధ 61 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 27 శాతం. మొదట 37.5తో మొదలుపెడతారు. కొన్నాళ్లు వికారం, నోరెండడం ఉంటాయి. బీపీ చూస్తుండాలి. మానాలనుకుంటే ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా తగ్గించాలి.

ఆ జాతిలోవే అయినా కొన్ని మందులు టమాక్సిఫెన్‌కు గిట్టవు. ఈ ఒక్క పేరానైనా కత్తిరించి పర్సులో పెట్టుకోండి. టమాక్సిఫెన్ మింగినప్పుడే పనిచెయ్యదు. లివర్‌లో ఒక ఎంజైమ్ దాన్ని మార్చాక దానికి అసలు బలం వస్తుంది. పారాక్సెటిన్, ఫ్లూవాక్సెటిన్ ఆ ఎంజైమ్‌నే కట్టేస్తాయి. బూప్రోపియాన్ కూడా. ఆవిర్లకు పారాక్సెటిన్ మంచి మందే, అమెరికాలో 2013లో దానికి అనుమతి కూడా ఇచ్చారు. టమాక్సిఫెన్ వేసుకునే మనిషికి మాత్రం వద్దు. లెట్రోజోల్ వేసుకునేవాళ్లకు ఈ చిక్కు లేదు. ఊళ్లో డాక్టరు దిగులుకని ఏ మాత్ర రాసినా, "నేను టమాక్సిఫెన్ మీద ఉన్నాను" అన్న మాట ముందు చెప్పాలి.

రాత్రి ఆవిర్లతో నిద్ర లేనివాళ్లకు గాబాపెంటిన్ బాగుంటుంది. పడుకునేముందు వేస్తారు, నిద్ర వస్తుంది. తల తిరగడం ఉంటుంది కాబట్టి రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి. మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ కూడా ఆవిర్లను తగ్గిస్తుంది. నోరెండుతుంది, మలబద్ధకం చేస్తుంది, వయసు మళ్లినవాళ్లకు మతిమరుపు తేవచ్చు. క్లోనిడిన్ పాతకాలపు మందు, ఇప్పుడు పెద్దగా సిఫారసు చెయ్యరు. ఈ మాత్రలన్నీ ఏళ్లుగా మందులషాపుల్లో దొరుకుతున్నవే.

కొత్తవి కూడా వస్తున్నాయి. ఇందాక చెప్పుకున్న, హైపోథాలమస్‌లో రెచ్చిపోయే నాడీకణాలనే నేరుగా పట్టుకునే మందులు ఇవి. హార్మోన్ కాదు. ఫెజోలినెటాంట్‌కు అమెరికా 2023 మేలో అనుమతినిచ్చింది. లివర్‌కు హాని చెయ్యగలదని ఆ తర్వాత గట్టి హెచ్చరిక పెట్టారు. ఎలింజానెటాంట్‌ను ప్రత్యేకంగా టమాక్సిఫెన్ లాంటి మాత్రలు వేసుకుంటున్న ఆడవాళ్ల మీద పరీక్షించి, ఆవిర్లు బాగా తగ్గాయని 2025లో ప్రకటించారు. క్యాన్సర్ పేషెంట్ల కోసం ఇంత శ్రద్ధగా ఒక మందును పరీక్షించడం చూస్తే, ఇన్నేళ్లూ ఎందుకు పట్టించుకోలేదా అనిపిస్తుంది. ఇవి దొరుకుతాయా, ధర ఎంత అన్నది క్యాన్సర్ డాక్టరునే అడగాలి.

పొడులూ కషాయాల సంగతి. ఎదురింటి వదిన ఏదో పొడి తిన్నాక తగ్గిందంటుంది. అబద్ధం కాకపోవచ్చు. పైన చెప్పిన పరీక్షలో మందు లేని మాత్రకే 27 శాతం తగ్గిందని మరిచిపోకూడదు. ఏది తిన్నా బాధ నాలుగో వంతు దాకా తగ్గినట్టు ఉండవచ్చు. అవిసె గింజల మీద అమెరికాలో మంచి పరీక్ష చేశారు, ఉత్తుత్తి దానికంటే మెరుగేమీ కనిపించలేదు. కూరలో మీల్‌మేకర్ తినొచ్చు, ఇడ్లీలోకి నువ్వులపొడి తినొచ్చు, నల్లరేగడి నేల మీద పుట్టి నువ్వులనూనె మానడం ఎక్కడి మాట. కానీ సోయా సారాన్ని చిక్కబట్టి బిళ్లలుగా చేసినవి, పిల్లిపీచర గడ్డల లేహ్యం లాంటివి ఈస్ట్రోజెన్‌ను పోలిన పని చేయగలవు కాబట్టి క్యాన్సర్ డాక్టరుకు చూపించకుండా ముట్టుకోవద్దు. "నాటు మందే కదా" అంటారు. ఆవిరి నిజంగా తగ్గించేంత బలం అందులో ఉంటే, గడ్డ మీద కూడా బలం చూపించగలదు కదా.

మాటల వైద్యం ఒకటుంది. లండన్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 96 మందిలో సగం మందిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, వారానికోసారి ఆరు వారాలు మాట్లాడించారు. ఆవిరి వచ్చినప్పుడు "అందరూ నన్నే చూస్తున్నారు, ఇక ఇవాళ నిద్ర లేదు" అని మనసు పరుగెత్తడాన్ని ఎలా మళ్లించుకోవాలో నేర్పారు. 2012లో వచ్చిన ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఆవిర్ల సంఖ్య పెద్దగా తగ్గలేదు, బాధ మాత్రం తగ్గింది. కోవిల్‌పట్టిలో అలాంటి గుంపు లేకపోవచ్చు. నిద్రలేక, దిగులుతో నలిగేవాళ్లు కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి-మానస్ అనే ఫోన్ సేవకు 14416 నంబరులో ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు. తమిళంలోనే కాదు, తెలుగులోనూ పలుకుతారు. ఇంట్లో మాట్లాడే భాషలోనే బాధ చెప్పుకోవడం ఈ ఊళ్లవాళ్లకు అరుదైన సదుపాయం.

ఇక ఎవరూ నోరు విప్పని విషయం. ఈస్ట్రోజెన్ పోతే యోని పొడిబారుతుంది, చర్మం పల్చబడుతుంది, కాపురం మంటగా మారుతుంది, మూత్రంలో మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆవిర్లు ఏళ్లు గడిచాక తగ్గుతాయి, ఇది మాత్రం వదిలేస్తే పెరుగుతూ పోతుంది. భర్తకు చెప్పలేక "ఒంట్లో బాగాలేదు" అని వేరే పక్క వేసుకునే ఆడవాళ్లు ఎందరో. రొమ్ము తీసేశారు కాబట్టి తనకు ఇష్టం పోయిందని భర్త అనుకుంటాడు, తాను నచ్చడం లేదని ఆమె అనుకుంటుంది. అసలు కారణం పొడిదనం. మొదటి వైద్యం హార్మోన్ లేనిదే. యోనిలో తడిని నిలిపే మాయిశ్చరైజర్ జెల్ వారానికి రెండు మూడుసార్లు, కలయిక అప్పుడు జారుడు జెల్. ఇవి రెండూ వేర్వేరు. ఒకటి చర్మాన్ని కాపాడుతూ ఉండేది, ఇంకోటి అప్పటికప్పుడు రాసుకునేది. మందులషాపులో అడగడానికి సిగ్గైతే చీటీ మీద రాయించుకోవాలి. సబ్బుతో లోపల కడగడం మానెయ్యాలి.

వీటికి లొంగకపోతే యోనిలో పెట్టే చిన్న మోతాదు ఈస్ట్రోజెన్ గురించి క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడొచ్చు. డెన్మార్క్‌లో వేల మంది రికార్డులు చూసి 2022లో ప్రకటించినదాని ప్రకారం, అలా వాడినవాళ్లందరినీ కలిపి చూస్తే క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదు. లెట్రోజోల్ లాంటి మాత్రతో పాటు వాడినవాళ్లలో మాత్రం పెరిగినట్టు కనిపించింది. కాబట్టి గైనిక్ డాక్టరు ఒక్కరే క్రీము రాసిస్తే వెంటనే వాడెయ్యకుండా క్యాన్సర్ డాక్టరు మాట కూడా తీసుకోవాలి.

లెట్రోజోల్ మీద ఉన్నవాళ్లు ఎముకల సంగతి కూడా చూసుకోవాలి. మొదలుపెట్టేటప్పుడే ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి చూడాలి, కాల్షియం అందాలి. కీళ్ల నొప్పులకు పడుకోవడం కాదు, నడక, తేలికపాటి బరువులు ఎత్తడమే మందు. టమాక్సిఫెన్ మీద ఉన్నవాళ్లకు ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా, ఒక కాలు ఉబ్బి నొప్పి పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భసంచి లోపలి పొర మందమవడం, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం ఆ మాత్రకున్న తెలిసిన ప్రమాదాలు. అరుదే అయినా ఆలస్యం కూడదు.

2025 నవంబరులో ఒక వార్త ఫోన్లలో తిరిగింది. ముట్లుడిగినవాళ్ల హార్మోన్ మందుల మీద ఇరవై ఏళ్లుగా నల్ల గీతల పెట్టెలో అచ్చేస్తున్న గట్టి హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తున్నామని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. "చూశావా, భయం ఏమీ లేదట" అని ఎవరైనా పంపిస్తే చెప్పాల్సింది ఒకటే. అది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల కోసం వచ్చిన మార్పు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఆపిన మాత్ర మళ్లీ మొదలుపెట్టవచ్చని దాని అర్థం కాదు. ఏ మందూ పనిచెయ్యక, నిద్ర లేక, క్యాన్సర్ మాత్రే మానేసే స్థితికి వచ్చినవాళ్ల విషయంలో క్యాన్సర్ డాక్టర్లు లాభనష్టాలు తూచి అరుదుగా వేరే నిర్ణయం తీసుకోవచ్చు. అది వాళ్ల ముందు కూర్చుని తీసుకునే నిర్ణయం, ఫోన్‌లో వచ్చినదాన్ని చూసి కాదు.

ఎక్కడికి వెళ్లాలి? విరుదునగర్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. క్యాన్సర్ వైద్యానికి ఇక్కడివాళ్లు ఎక్కువగా ఉత్తరాన మదురై రాజాజీ ఆసుపత్రికో, దక్షిణాన తిరునెల్వేలి మెడికల్ కాలేజీకో బస్సెక్కుతారు. ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా కార్డు వెంట ఉండాలి. బయల్దేరేముందు ఒక సంచిలో బయాప్సీ రిపోర్టు, ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆపినవీ వేసుకుంటున్నవీ రెండూ, లేహ్యం సీసాతో సహా, వారం గీతల కాగితం పెట్టుకోవాలి. ఆపిన స్ట్రిప్పు మీద అడ్డంగా గీత గీసి ఉంచితే డాక్టరుకూ ఇంట్లోవాళ్లకూ తికమక ఉండదు. ఆవిరికి మందు మొదలుపెట్టాక నాలుగు వారాలు చూడాలి. మళ్లీ గీతల కాగితం తీసి లెక్కపెట్టాలి. సగానికైనా తగ్గకపోతే మందు మార్చమని అడగాలి, ఆ మధ్యలో టమాక్సిఫెన్ గానీ లెట్రోజోల్ గానీ ఒక్క రోజు కూడా తప్పకూడదు.